సింగరేణి పాత బాయిల్లో పొగను పూడ్చొచ్చా? కార్బన్ క్యాప్చర్‌కు విదేశీ సాయం వస్తే ఎక్కడ పెట్టాలి?

తమ్మీ, నువ్వు అడిగినవి మూడు ప్రశ్నలు. రామగుండం లాంటి చోట చిమ్నీలోంచి పోయే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని, సింగరేణి బొగ్గు తీసి వదిలేసిన బాయిల్లో నింపెయ్యొచ్చు కదా అన్నావు. ఇలాంటి పనికి డబ్బున్న దేశాలు సాయం చేస్తామంటే మనం తీసుకోవాలా వద్దా అన్నావు. ఆ డబ్బేదో సోలార్‌కే పెడితే అయిపోతుంది కదా అని చివర్లో ఒక చురక కూడా వేశావు.

నేను ఉత్తర తెలంగాణలో ఒక థర్మల్ స్టేషన్‌లో కెమిస్ట్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. బొగ్గు, నీళ్లు, బూడిద, పొగ, వీటి శాంపిళ్లతోనే నా ఉద్యోగం గడిచింది. నేల లోపలి సంగతులు నా చదువు కాదు గానీ, ఆ పని చేసే మిత్రులతో కూర్చుని వేసుకున్న లెక్కలే ఇక్కడ రాస్తున్నాను. జవాబు ముందే చెప్పేస్తా. బాయిల్లో కుదరదు. సాయం తీసుకోవచ్చు, కానీ ముందుగా చిమ్నీకి కాదు, నేలను చదవడానికి. సోలార్‌తో పోటీ పెట్టాల్సింది కరెంటు విషయంలోనే, సిమెంటు విషయంలో ఆ పోటీయే లేదు.

బాయిల సంగతి ముందు చూద్దాం. మన బొగ్గు ఒక టన్ను కాలిస్తే దాదాపు టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గులో ఉన్న కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుని బరువెక్కుతుంది కాబట్టి తీసినదానికన్నా ఎక్కువే తిరిగొస్తుంది. టన్ను బొగ్గు తీసిన చోట మిగిలే ఖాళీ ముప్పావు ఘనమీటరు కూడా ఉండదు. ఆ టన్నున్నర గ్యాస్‌ను ఎంత నొక్కి ద్రవంలా చేసినా రెండు ఘనమీటర్లకు పైనే చోటు కావాలి. పుట్టెడు వడ్లు తీసిన గుమ్మిలో మూడు పుట్లు పోస్తానన్నట్టుంది లెక్క. పైగా ఆ గుమ్మి ఖాళీగా కూడా లేదు. చాలా బాయిల్లో బొగ్గు తీసిన చోట గోదావరి ఇసుక నింపారు, నింపని చోట పైకప్పు కూలనిచ్చారు.

అంతకన్నా పెద్ద అడ్డంకి లోతు. ఈ గ్యాస్ నొక్కుకుపోయి దట్టంగా ఉండాలంటే 31 డిగ్రీల వేడి, గాలి ఒత్తిడికి దాదాపు 73 రెట్ల ఒత్తిడి దాటాలి. ఆ ఒత్తిడి నేలలో దాదాపు 800 మీటర్ల కింద గానీ రాదు. మన బాయిలు ఎక్కువ భాగం నాలుగైదు వందల మీటర్ల లోపే. అంత పైన పెడితే గ్యాస్ గ్యాస్‌లాగే ఉండి, పగులు దొరికిన చోటల్లా పైకి పాకుతుంది. బొగ్గు తీసిన నేలకు పగుళ్లు కొత్తేం కాదు, బాయి మీద ఉన్న ఊళ్లలో గోడలు చూస్తే తెలుస్తుంది.

పాకితే ఏమవుతుంది అంటావా? ఊళ్లో పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి దిగేముందు పెద్దలు లాంతరు దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే దిగనిచ్చేవాళ్లు కాదు. గాలికన్నా బరువైన గ్యాస్ ఇది, పల్లంలో పేరుకుంటుంది. 1986లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ అనే చెరువు అడుగున సహజంగా చేరిన కార్బన్ డయాక్సైడ్ ఒక రాత్రి ఒక్కసారిగా పొంగి, చుట్టుపక్కల ఊళ్లలో దాదాపు 1,700 మంది నిద్రలోనే పోయారు. 2020లో అమెరికాలోని మిసిసిపీలో ఈ గ్యాస్ పైపు పగిలి సటార్షియా అనే ఊరివాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. కార్లు కూడా ఆగిపోయాయట, ఇంజిన్‌కు ఆక్సిజన్ అందక. లోతుగా, సరైన రాయిలో పెడితే ఇలా కాదు. నార్వే పక్కన ఉత్తర సముద్రంలో స్లైప్నర్ దగ్గర 1996 నుంచి, చాలా ఏళ్లు ఏటా 10 లక్షల టన్నుల దాకా, ఇసుకరాతిలోకి దింపుతూ వచ్చారు, అది నిలిచే ఉంది. అందుకే రాయి ఏదన్నదే మొత్తం కథ.

మరి మన దగ్గర ఆ రాయి ఉందా? ఓరుగల్లు అన్న పేరులోనే సగం జవాబుంది. ఒకటే రాయి, ఏకశిల. వరంగల్ కింద ఉన్నది గ్రానైట్. నీళ్ల కోసం నాలుగు బోర్లు వేస్తే మూడు ఎండిపోయిన రైతును అడుగు, ఆ రాతిలో చుక్క నీటికే చోటు లేదు, లక్షల టన్నుల గ్యాస్‌కు ఎక్కడుంటుంది? ఇక్కడ ఈ ముచ్చట మరిచిపోవచ్చు.

భూపాలపల్లి, మంథని, మంచిర్యాల వైపు పోతే కథ వేరు. ప్రాణహిత, గోదావరి లోయ వెంట ఉన్నది పొరలు పొరలుగా పడిన ఇసుకరాయి, మధ్యమధ్యలో బొగ్గు. ఇసుకరాతిలో రంధ్రాలుంటాయి, గ్యాస్ పడుతుంది. కానీ అదే ఇసుకరాయి తాగునీటిని కూడా ఇస్తోంది. లోతైన పొరకూ తాగునీటి పొరకూ మధ్య షేల్, అంటే బంకమట్టి గట్టిపడి అయిన రాయి, మూతలా ఒకటి, తెగకుండా, పగులు లేకుండా మైళ్లకొద్దీ పరుచుకుని ఉండాలి. ఉందో లేదో పైనుంచి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఇంకా పైకి, నిర్మల్, ఆదిలాబాద్ పోతే నల్లరాయి, దక్కన్ లావా. దీని మీద ఆశ ఎక్కువ. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రయోగంలో 2012లో గ్యాస్‌ను నీళ్లలో కలిపి నల్లరాతిలోకి దింపితే, రెండేళ్లలోపే 95 శాతం గట్టిపడి సున్నపురాయిలా మారింది. మారాక ఇక పాకేది లేదు, కాపలా అక్కర్లేదు. మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు కూడా దక్కన్ రాయిని ఈ కోణంలో చూస్తూ వచ్చారు. బాగానే ఉంది గానీ, ఆ పద్ధతిలో టన్ను గ్యాస్‌కు దాదాపు 25 టన్నుల నీళ్లు కావాలి. మన 500 మెగావాట్ల యూనిట్ ఒకటి ఏడాదికి సుమారు 30 లక్షల టన్నులు వదులుతుంది. గుణించు. ఏడున్నర కోట్ల టన్నుల నీళ్లు, అంటే రెండున్నర టీఎంసీల పైమాట. కడెం ప్రాజెక్టు మొత్తం నిల్వే ఏడున్నర టీఎంసీలు. అదే నీటిని తోడి మళ్లీ వాడుకోవచ్చంటారు, వాడుకున్నా మొదటిసారి ఎక్కడి నుంచి తెస్తావ్? ఐస్‌లాండ్‌లో మొదట దింపింది 250 టన్నుల లోపు. మన యూనిట్ ముప్పావు గంట పొగ అది.

మూడో దారి సముద్రం. కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి రామగుండం ఎరువుల ఫ్యాక్టరీకి గ్యాస్ తెచ్చే పైపు ఇప్పటికే ఉంది. దాని పక్కనే ఇంకో పైపు వేసి పొగను వెనక్కి పంపి, కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఖాళీ అవుతున్న గ్యాస్ పొరల్లోకి దింపాలని కొందరి ఆలోచన. సూటిగా గీత గీసినా 350 కిలోమీటర్లు. కాగితం మీద నాకు నచ్చిన దారి ఇదే, ఎందుకంటే లక్షల ఏళ్లు గ్యాస్‌ను పట్టి ఉంచిన పొర అది, మూత ఉందని రుజువైనట్టే. కానీ పైపు దారి పొడుగునా ఎన్ని ఊళ్లున్నాయో, సటార్షియా సంగతి వాళ్లకు ఎవరు చెప్పాలో కూడా ఆలోచించు.

ఇప్పుడు చిమ్నీ దగ్గరికి వద్దాం, ఇది నా పొలం.

పొగలో కార్బన్ డయాక్సైడ్ ఉండేది 12 నుంచి 14 శాతం. మిగతాది ఎక్కువ భాగం నైట్రోజన్. పొగను చల్లార్చి ఒక ఎత్తైన టవర్‌లో కింద నుంచి పంపి, పైనుంచి అమైన్ అనే ద్రావణాన్ని చల్లుతారు. అమైన్ ఆ గ్యాస్‌ను పట్టుకుంటుంది. దాన్ని ఇంకో టవర్‌కు తీసుకుపోయి 120 డిగ్రీల దాకా వేడి చేస్తే వదిలేస్తుంది. ఆ వేడికి ఆవిరి కావాలి. ఆవిరి ఎక్కడిది? టర్బైన్‌కు పోవాల్సినదే. ఆ ఆవిరి, గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్ల కరెంటు కలిపితే 500 మెగావాట్ల యూనిట్‌లో వంద మెగావాట్లకు పైగా దీనికే పోతాయి. నీళ్ల ఖర్చు కూడా సగానికి సగం పెరుగుతుంది.

పైగా అమైన్‌కు గంధకం పడదు. పొగలో సల్ఫర్ డయాక్సైడ్ ఉంటే అమైన్ దాన్ని పట్టుకుని ఇక వదలదు, పనికిరాని ఉప్పుగా మారిపోతుంది. పది పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది పాళ్ల లోపు ఉండాలంటారు. మన పొగలో వందల్లో ఉంటుంది. కాబట్టి ముందు ఎఫ్‌జీడీ, అంటే గంధకం కడిగే యంత్రం, ఉండి తీరాలి. 2015 డిసెంబర్‌లో కేంద్రం గంధకానికి పరిమితి పెట్టింది. గడువు ఎన్నిసార్లు పొడిగించారో నాకే లెక్క తప్పింది. 2025 జూలైలో చాలా ప్లాంట్లకు అసలు అవసరమే లేదని మినహాయించారు. అది తప్పో ఒప్పో వేరే చర్చ. కానీ వాకిలి ఊడ్చే చీపురు కొననివాడికి ఇంట్లో పాలరాయి పరిపించే సాయం ఎందుకు?

నా అనుభవం ఒకటి చెప్తా, ప్లాంటు పేరు మాత్రం అడగకు. బూడిద పట్టే ఈఎస్‌పీ ఉంటుంది కదా, అది తినే కరెంటు యూనిట్ ఉత్పత్తిలో ఒక శాతం కూడా ఉండదు. అయినా ఒక కాలంలో రాత్రి షిఫ్టుల్లో ఆ కాస్త కరెంటు మిగిల్చుకోవడం కోసం దాని ఫీల్డులు, అంటే లోపలి భాగాలు, కొన్ని ఆపేసేవాళ్లు. పొద్దున ఊళ్లో దండెం మీది తెల్లబట్టలు బూడిదరంగులో ఉండేవి. మర్నాడు మా ల్యాబ్‌కు ఫోన్ వచ్చేది, రీడింగ్ ఏంటి అని. ఒక్క శాతం తినేదానికే ఈ గతి పట్టినప్పుడు, ఇరవై శాతం తినే యంత్రాన్ని గ్రిడ్‌లో కొరత ఉన్న ఎండాకాలం సాయంత్రం ఎవడైనా నడుపుతాడా? నాకు నమ్మకం లేదు. మా వాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఆ గంటలో వాళ్ల మీద ఉండే టెన్షన్ కరెంటుదే, వాతావరణానిది కాదు.

ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. కెనడాలో బౌండరీ డ్యామ్ అనే బొగ్గు ప్లాంటులో 2014లో ఏటా 10 లక్షల టన్నులు పడతామని మొదలుపెట్టారు, ఏళ్ల తరబడి ఆ అంకె అందలేదు. టెక్సస్‌లో పెట్రా నోవా 2017లో మొదలైంది. పట్టిన గ్యాస్‌ను నూనె బావుల్లోకి తోసి నూనె పైకి తెచ్చుకోవడమే దాని రాబడి. 2020లో నూనె ధర పడగానే మూసేశారు, మళ్లీ తెరిచింది 2023లో.

మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ ఎన్‌టీపీసీలో 2022లో ఒక పట్టే ప్లాంటు మొదలైంది. రోజుకు 20 టన్నులు, దాన్ని మిథనాల్ చేయడానికి. నేర్చుకోవడానికి అది మంచిదే, వాళ్లను తక్కువ చేయను. కానీ ఒక 500 మెగావాట్ల యూనిట్ రోజుకు వదిలేది దాదాపు 8,000 టన్నులు. 20 టన్నులంటే మూడు నాలుగు నిమిషాల పొగ.

ఖర్చు లెక్క చూడు. పట్టి, నొక్కి, పంపి, పూడ్చడానికి టన్నుకు 50 డాలర్లే అనుకుందాం. అది తక్కువ వేసిన లెక్క, అమెరికా ప్రభుత్వమే ఇలా పూడ్చిన టన్నుకు 85 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇస్తోంది. మన బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు కిలో గ్యాస్ వస్తుంది. 50 డాలర్ల లెక్కనే యూనిట్ మీద మూడున్నర రూపాయలకు తక్కువ పడదు, ఉన్న ధరకు అదనంగా. సోలార్ టెండర్లు రెండున్నర రూపాయల చుట్టూ తిరుగుతున్నాయి. బ్యాటరీ కలిపినా ఈ లెక్క బొగ్గు వైపు తిరగదు. కాబట్టి కరెంటు వరకు నీ చురక సరైనదే, పాత బొగ్గు యూనిట్లకు ఈ యంత్రం తగిలించడానికి నేనైతే ఎవరి డబ్బూ అడగను. అది బాయిలర్ ఆయుష్షు పొడిగించే మందు అవుతుంది తప్ప ఇంకేం కాదు.

సిమెంటుకు వచ్చేసరికి నా మాట మారుతుంది. బసంత్‌నగర్, మంచిర్యాల, దేవాపూర్, మన చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలు చూసే ఉంటావు. అక్కడి పొగలో సగానికి పైగా బొగ్గు వల్ల వచ్చింది కాదు, సున్నపురాయిని కాల్చినప్పుడు రాతిలోంచే వచ్చింది. కొలిమిని సోలార్ కరెంటుతో నడిపినా అది ఆగదు. పొగలో గ్యాస్ శాతం కూడా బొగ్గు ప్లాంటు కన్నా ఎక్కువ, పట్టడం కొంచెం సులువు. నార్వేలో బ్రెవిక్ అనే చోట సిమెంటు ఫ్యాక్టరీకి ఏటా 4 లక్షల టన్నులు పట్టే యంత్రం 2025లో మొదలుపెట్టారు, పట్టినదాన్ని ఓడల్లో తీసుకుపోయి సముద్రం కింద పూడుస్తున్నారు. ఖర్చులో పెద్ద వాటా అక్కడి ప్రభుత్వానిది. అంత ధనిక దేశంలోనే సర్కారు చెయ్యి పడితే గానీ నడవలేదు, అది గుర్తుంచుకో.

ఎరువుల ఫ్యాక్టరీ గురించి ఎవరైనా చెప్తే ఒక్కటి అడుగు. రామగుండంలో అమోనియా తయారీలో వేరయ్యే కార్బన్ డయాక్సైడ్‌ను అక్కడే యూరియాలో కలిపేస్తారు, టన్ను యూరియాలోకి ముప్పావు టన్ను దాకా పోతుంది. వాడేశాం, పట్టేశాం అంటారు. ఆ యూరియా బస్తా నర్సంపేటలో ఏ వరి మడిలోనో పడ్డాక కొద్ది రోజుల్లోనే ఆ గ్యాస్ తిరిగి గాల్లోకి లేస్తుంది. మిథనాల్ కాలిస్తే అంతే, సోడా మూత తీస్తే అంతే. వాడుకోవడం వేరు, పూడ్చడం వేరు. సాయం అడిగే ప్రతిపాదనల్లో ఈ రెండింటినీ ఒకే పద్దులో కలిపేస్తుంటారు, చూసి చదవాలి.

ఇక సాయం. ఈ మాట కొత్తది కాదు. 2009లోనే ప్రపంచ బ్యాంకు పేద దేశాల్లో ఈ పని కోసం ఒక ట్రస్ట్ ఫండ్ పెట్టింది, బ్రిటన్, నార్వే డబ్బు వేశాయి. దక్షిణాఫ్రికా, మెక్సికో లాంటి చోట్ల అధ్యయనాలు జరిగాయి. 2010లో కాంకూన్, 2011లో డర్బన్ సభల్లో, పేద దేశాల్లో పూడ్చిన టన్నులకు కార్బన్ క్రెడిట్ ఇవ్వొచ్చని నిబంధనలు కూడా రాసుకున్నారు. 2012 ముగిసేసరికి ఆ క్రెడిట్ ధర టన్నుకు ఒక యూరో కిందికి పడిపోయింది. 50 డాలర్ల పనికి ఒక యూరో కూలి. ఎవరొస్తారు? అదే కాలంలో నార్వే తన మాంగ్‌స్టాడ్ పెద్ద ప్రాజెక్టును 2013లో ఆపేసుకుంది, బ్రిటన్ వంద కోట్ల పౌండ్ల పోటీని 2015లో రద్దు చేసుకుంది. మనకు నేర్పించడానికి వచ్చినవాళ్లు ఇంట్లో మానేసిన పని అది. ఇప్పుడు నార్వే మళ్లీ చేసి చూపిస్తోంది కాబట్టి మాట వినొచ్చు.

తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. మన దేశంలో మనిషికి ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో దానికి ఏడు రెట్లు. పైన చేరిన పొగలో ఎక్కువ వాటా డబ్బున్న దేశాలది. 2026 జనవరి నుంచి యూరప్ మన సిమెంటు, ఉక్కు, ఎరువుల మీద కార్బన్ లెక్కన సుంకం వేయడం మొదలుపెట్టింది. ఒక చేత్తో సుంకం తీసుకునేవాడు రెండో చేత్తో యంత్రం ఇస్తానంటే దయ కాదు, బాకీలో కొంత.

కానీ యంత్రం ఒక్కటే ఇస్తే వద్దు. పరకాల వైపు మా అత్తగారి ఊళ్లో ఒక దాత నీళ్ల ఫిల్టర్ ప్లాంటు కట్టించాడు. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు. రెండేళ్లకు లోపలి మెంబ్రేన్ మార్చాల్సి వచ్చింది. పంచాయతీ దగ్గర డబ్బు లేదు, దాత ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు అందులో యూరియా బస్తాలు పెట్టుకుంటున్నారు. కార్బన్ క్యాప్చర్‌లో మెంబ్రేన్ ఖర్చు లాంటిది ప్రతి నెలా ఉంటుంది, కోట్లలో ఉంటుంది, అమ్ముకోవడానికి సరుకేమీ రాదు. కట్టే ఖర్చు ఎవరిదన్నది చిన్న ప్రశ్న. పదకొండో ఏడాది ఆవిరి ఖర్చు, అమైన్ ఖర్చు ఎవరిస్తారన్నది పెద్ద ప్రశ్న. పూడ్చాక ముప్పై ఏళ్లు ఆ బోర్ల దగ్గర మీటర్లు చూసేది ఎవరు, కంపెనీ మూతపడితే ఆ బాధ్యత ఎవరి నెత్తిన పడుతుంది అన్నది ఇంకో ప్రశ్న. యూరప్ 2009లోనే దీనికి చట్టం చేసుకుంది. ఈ జవాబులు రాసి లేని ఒప్పందాన్ని మంథని రైతు ఎందుకు నమ్మాలి?

అందుకే నేలను చదవడానికి అడుగుదాం అంటున్నాను. మన రైతు బోరు వేసేముందు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగేవాణ్ణి పిలుస్తాడు, అప్పు చేసి మూడు చోట్ల తవ్వుతాడు, మునుగుతాడు. దేశాలు కూడా అలా మునగొచ్చు. నేలలోకి ప్రకంపనలు పంపి పొరలు చూసే సీస్మిక్ సర్వే, వెయ్యి మీటర్లు దాటిన పరీక్ష బోర్లు, రాతి కోర్లు పరీక్షించే ల్యాబులు, ఆ పని చేసే జియాలజిస్టులకు జీతాలు, వీటికి ఇచ్చిన డబ్బు వృథా కాదు. రాయి పనికిరాదని తేలినా ఆ జవాబు మనకు మిగులుతుంది, భూగర్భ జలాల మ్యాపు మిగులుతుంది. అది అప్పుగా కాదు, గ్రాంటుగా రావాలి. రాయి బాగుందని తేలిన తరువాతే సిమెంటు ఫ్యాక్టరీకి ఒక యంత్రం, దానికి పూడ్చిన టన్నుకు ఇంత అని పదిహేనేళ్ల రాతకోత.

నువ్వు వరంగల్ ఎన్‌ఐటీలో ఎం.టెక్ ప్రాజెక్టు కోసం అంశం వెతుకుతున్నానని కూడా రాశావు కదా. అమైన్ మీద చేయొద్దు, దాని మీద ప్రపంచమంతా చేస్తోంది. బొగ్గు కోసం ఈ లోయలో దశాబ్దాలుగా వేసిన బోర్ల రికార్డులు సింగరేణి దగ్గర ఉంటాయి. అవి బొగ్గు దొరికే లోతు దాకే పోతాయి, నీకు కావాల్సింది దాని కింద ఉంది, నిజమే. అయినా పై పొరల్లో షేల్ ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ తెగిపోయింది, ఏ పగులు ఎటు పోయింది అన్నది వాటిలో దొరుకుతుంది. మంథని నుంచి భూపాలపల్లి దాకా ఆ ఒక్క షేల్‌ను గీయి. జియాలజీ తెలిసిన గైడ్ ఒకరిని తోడు పెట్టుకో, అనుమతి కాగితం డిపార్ట్‌మెంట్ నుంచి రాయించు, వ్యక్తిగతంగా అడిగితే ఇవ్వరు.